రీస్టార్ట్ కొట్టే ముందు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. సర్వర్‌లో చెప్పిన టైముకి పనులు (జాబులు) నడిపే క్రాన్ పదే పదే ఆగిపోతోందని, ఒక్కోసారి తనే లేస్తోందని, ఒక్కోసారి నువ్వే లేపాల్సి వస్తోందని, రాత్రి బ్యాకప్ మాత్రం పడట్లేదని రాశావు కదా. ఈసారి ఆగినప్పుడు చెయ్యి వెంటనే రీస్టార్ట్ మీదకి పోనివ్వకు. పోస్టుమార్టం కాకుండా దహనం చేసినట్టవుతుంది. ముందు సర్వీస్ స్థితి చూపే సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కమాండ్ కొట్టి, వచ్చినదంతా ఒక ఫైల్లో దాచుకో. ఉబుంటు, డెబియన్‌లలో సర్వీస్ పేరు క్రాన్, రెడ్‌హ్యాట్ వైపు క్రాన్‌డీ.

అందులో మెయిన్ పీఐడీ (ప్రాసెస్ నంబర్) పక్కనున్న కోడ్ చూడు. ఎగ్జిటెడ్ అని ఉంటే తనంతట తనే బయటికి పోయిందని. సిగ్నల్, అంటే ప్రాసెస్‌కి బయటి నుంచి వచ్చే ఆదేశం, పేరు ఉంటే కథ వేరు. టర్మ్ (15) అంటే ఎవరో మర్యాదగా ఆపమన్నారు: ప్యాకేజీ అప్‌డేటో, సర్వర్లని ఆటోమేటిక్‌గా సెట్ చేసే ఆన్సిబులో, పక్క సీటు అబ్బాయో. కిల్ (9) అంటే నిర్దాక్షిణ్యంగా చంపేశారు. సెగ్వీ (11) అంటే ప్రోగ్రామే క్రాష్ అయింది. ఇది చాలా అరుదు. లినక్స్‌లో మనం మామూలుగా వాడేది 1987లో పాల్ విక్సీ రాసిన క్రాన్ సంతతే, ఇన్నేళ్లు నలిగిన కోడ్.

కానీ వీటన్నిటికంటే ముందు, పైన యాక్టివ్ లైన్లో రిజల్ట్ ఏముందో చదువు. అక్కడ ఓఓఎం-కిల్ (ఓఓఎం అంటే అవుట్ ఆఫ్ మెమరీ, మెమరీ అయిపోవడం) అని ఉంటుందని నా అనుమానం. ఎందుకంటే నీ బ్యాకప్ స్క్రిప్టు డేటాబేస్ డంప్ (మొత్తం కాపీ) తీస్తూ ర్యామ్ అంతా మింగేస్తూ ఉండాలి. కెర్నెల్‌కి ఊపిరాడక, మెమరీ కోసం ప్రాసెస్‌లని చంపే ఓఓఎం కిల్లర్‌ను వదులుతుంది. అది చంపేది మామూలుగా ఆ డంప్‌నే. క్రాన్ తినేది కొన్ని మెగాబైట్లు, దాని జోలికెందుకు పోతుంది? మెలిక సర్వీసులన్నిటినీ నడిపే సిస్టమ్‌డీ దగ్గరుంది. డెబియన్ వైపు క్రాన్ నడిపే జాబులు క్రాన్ సర్వీస్ కంట్రోల్ గ్రూపులోనే (ఒక సర్వీస్ ప్రాసెస్‌లన్నిటినీ కలిపి ఉంచే గుంపు) ఉండిపోతాయి. 2019లో 243వ వెర్షన్‌తో ఓఓఎంపాలసీ అనే సెట్టింగ్ వచ్చింది, దాని డిఫాల్ట్ స్టాప్. అంటే ఆ గ్రూపులో ఏ ఒక్క ప్రాసెస్ ఓఓఎం చేతిలో పోయినా సర్వీస్ మొత్తాన్నీ దింపేస్తుంది. తిన్నది డంప్, శిక్ష క్రాన్‌కి.

జర్నల్‌సీటీఎల్‌లో క్రాన్ యూనిట్ లాగ్, డీమెసేజ్‌లో కెర్నెల్ లాగ్ పక్కపక్కన పెట్టి టైము కలుస్తుందో లేదో చూడు. కలిస్తే సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ క్రాన్ కొట్టి, సర్వీస్ సెక్షన్ కింద ఓఓఎంపాలసీ విలువని స్టాప్ నుంచి కంటిన్యూకి మార్చు. ప్యాకేజీతో వచ్చిన ఫైల్‌ని నేరుగా దిద్దకు, అప్‌డేట్‌లో కొట్టుకుపోతుంది. క్రాన్ నిలబడుతుంది గానీ డంప్ ఇంకా చస్తూనే ఉంటుంది. దాన్ని సిస్టమ్‌డీ-రన్‌తో మెమరీ పరిమితి పెట్టి విడిగా నడుపు, లేదా డంప్ తీసే పద్ధతే మార్చు.

పడిన ప్రతిసారీ సిస్టమ్‌డీయే లేపేలా రీస్టార్ట్ ఆల్వేస్ పెట్టేస్తే పోలేదా అన్నాడటగా మీ సీనియర్. పోదు. పది సెకన్లలో ఐదుసార్లు పడిందంటే సిస్టమ్‌డీ విసిగి ఇక లేపదు, అది డిఫాల్ట్ హద్దు. పైగా క్రాన్ పడి ఉన్న నిమిషంలో రావాల్సిన జాబు పోయినట్టే. లేచాక వెనక్కి తిరిగి నడపదు, ఆ పని అనాక్రాన్ అనే వేరే ప్రోగ్రామ్‌ది. క్రాన్ బతికుందో లేదో చూడ్డానికి క్రాన్‌లోనే జాబు పెట్టిన మహానుభావుల్ని కూడా చూశాను.

అసలు క్రాన్ చచ్చిందా అన్నదీ ఒకసారి చూసుకో. ప్రాసెస్ ఉంది, జాబు మాత్రం నడవట్లేదంటే దారి వేరు: ఆ యూజర్ పాస్‌వర్డ్ గడువు తీరి, అకౌంట్ అనుమతులు చూసే పామ్ అడ్డుకుంటోందేమో, లాగ్‌లుండే స్లాష్ వార్ డైరెక్టరీ నిండిపోయిందేమో, జాబుల పట్టిక అయిన క్రాన్‌ట్యాబ్‌లో పర్సెంట్ గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ మర్చిపోయారేమో.

మీ పాత సోలారిస్ మెషీన్‌లో మాత్రం సిస్టమ్‌డీ ఉండదు. ఎస్‌వీసీఎస్ మైనస్ ఎక్స్‌వీ కొట్టు, క్రాన్ మెయింటెనెన్స్‌లో పడి ఉంటే కారణం, లాగ్ ఫైల్ పేరు అదే చెబుతుంది. కారణం సరిచేశాకే ఎస్‌వీసీఏడీఎమ్ క్లియర్.

స్టేటస్, జర్నల్ రెండూ నాకు పంపు, స్క్రీన్‌షాట్ కాదు, టెక్స్ట్‌గా. క్రాన్‌ట్యాబ్ కూడా పెడితే అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ తీసేసి పంపు.

ఇట్లు,
బాబాయి