చర్చి మీడియా పనికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: నమస్తే మేడం. నాకు 23 ఏళ్లు, మాది పశ్చిమ గోదావరి జిల్లా. బీకాం కంప్యూటర్స్ అయ్యాక మా పట్టణంలోని సంఘంలోనే మీడియా పనిలో చేరాను. ఆదివారం ఆరాధనలకు లైవ్, సౌండ్, తెర మీద పాటలు, ఆ తర్వాత అయ్యగారి వాక్యం (పాస్టర్ గారి ప్రసంగం) ఎడిటింగ్, రీల్స్, పోస్టర్లు అన్నీ నేనే చూసుకుంటాను. నెలకు 9 వేలు చేతికిస్తారు. పని అంటే నాకు ఇష్టమే. కానీ అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను ఆడియో మీటర్లు చూస్తూ ఉంటాను. రోజూ గుడిలోనే ఉన్నా ఆరాధనకు వెళ్లి ఎన్నాళ్లో అయినట్టుంది. అమ్మేమో ‘ఎన్నాళ్లిలా? బ్యాంకు కోచింగ్‌లో చేరు’ అంటోంది. ఫ్రెండ్స్ హైదరాబాద్ రమ్మంటున్నారు. మానేస్తే దేవుడి పని వదిలేసినట్టు అవుతుందేమోనని టెన్షన్. జీతం పెంచమని అడగడానికి నోరు రావట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: బాబూ, ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఇప్పటికిప్పుడు మానేయకు. అలాగని ఇప్పుడున్నట్టే ఇంకో రెండేళ్లు లాక్కురావద్దు. నువ్వు నేర్చుకున్నది నిజమైన పని, దానికి బయట గిరాకీ ఉంది. కాకపోతే ఆ పని నీకు వచ్చని చూపించే కాగితం ఒక్కటీ నీ దగ్గర లేదు. రాబోయే ఏడాదిలో సరిచేసుకోవాల్సింది అదే.

నీ పరిస్థితికి ఎవరినీ తప్పుపట్టను. 2020 మార్చి లాక్‌డౌన్‌కు ముందు మన పట్టణాల్లో చాలా సంఘాలకు మీడియా అంటే ఒక మైకు సెట్టు, పండక్కి వచ్చే ఫొటోగ్రాఫర్. గుడి తలుపులు మూతపడ్డాక ఫోను స్టాండుకు తగిలించి లైవ్ పెట్టారు. తర్వాత కెమెరాలు, వాటి దృశ్యాలను మార్చే స్విచ్చర్లు, ఎల్‌ఈడీ తెరలు వచ్చాయి. సామాను అయితే కొన్నారు గానీ, దాన్ని నడిపే మనిషిది ఏ ఉద్యోగం, అతనికి ఎంత ఇవ్వాలి అనేది చాలాచోట్ల ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు. యూత్‌లో కంప్యూటర్ తెలిసిన కుర్రాడికి అప్పగించేశారు. నా దగ్గరకు వచ్చే ఇలాంటి పిల్లలందరిదీ దాదాపు ఇదే కథ.

నీ పని విలువ నీకే సరిగ్గా తెలిసినట్టు లేదు. సౌండ్ ఒక్కటే తీసుకుందాం. హాల్లో స్పీకర్లకు వెళ్లే మిక్స్‌నే లైవ్‌కు ఇస్తే ఏమవుతుంది? డ్రమ్స్, తబలా హాల్లో వాటంతటవే వినిపిస్తాయి కాబట్టి మిక్సర్‌లో వాటిని తగ్గించే ఉంచుతాం. సంఘమంతా కలిసి పాడే గొంతు మైకుల్లోకి సరిగా రాదు. అదే మిక్స్ యూట్యూబ్‌కు వెళితే పాట పాడేవాళ్ల గొంతు, కీబోర్డు తప్ప ఇంకేమీ వినపడదు. ఇంట్లో ఫోన్లో చూసే పెద్దావిడకు గుడి ఖాళీగా ఉందేమో అనిపిస్తుంది. అందుకే తెలిసినవాళ్లు లైవ్‌కు విడిగా ఒక ఆక్స్ లేదా బస్ (మిక్సర్ నుంచి వేరుగా వెళ్లే అవుట్‌పుట్) తీస్తారు. జనం పాట కోసం హాలు వైపు తిప్పి ఒకటి రెండు మైకులు పెడతారు. హెడ్‌ఫోన్స్‌లో వింటూ ఆ మిక్స్ వేరుగా చేస్తారు. పెదవుల కదలిక కంటే మాట ముందొస్తుంటే ఓబీఎస్ అనే లైవ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియోను కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసి కలుపుతారు. ఇదంతా నీకు వచ్చా? వస్తే, పెళ్లిళ్లకు లైవ్ పెట్టే చాలామంది కంటే నువ్వు ముందున్నావు. రాకపోతే వచ్చే ఆదివారమే మొదలుపెట్టు. డిజిటల్ మిక్సర్ మీద వారం వారం, నిజమైన జనం ముందు చేతులు పెట్టే అవకాశం లక్షలు కట్టి చదివే పిల్లలకు కూడా అంత సులువుగా దొరకదు.

తెర మీద పాటల సంగతీ అంతే. పాత కీర్తనలు చాలావరకు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసి ఉంటాయి, వాటిని కొత్త సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చినా, ఫొటోషాప్‌లో భారతీయ భాషల సెట్టింగ్ పెట్టకపోతే ‘క్రీస్తు’లో వత్తులు విడిపోయి పక్కన పడతాయి. లైన్ల మధ్య చోటు చాలకపోతే పై లైను వత్తులు కింది లైను గుడుల మీదకు దిగుతాయి. నువ్వు శనివారం రాత్రి కూర్చుని సరిచేసేది ఇదే కదా? తెలుగు అక్షరాన్ని తెర మీద తప్పులేకుండా, చివరి వరుసలో కూర్చున్న పెద్దవాళ్లకు కూడా కనిపించేలా పెట్టగలిగినవాళ్లు న్యూస్ ఛానెళ్ల గ్రాఫిక్స్‌లోనూ కావాలి, రాజకీయ సభలకు ఎల్‌ఈడీ తెరలు నడిపే ఏజెన్సీల్లోనూ కావాలి.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. అన్నీ నేనే చేస్తాను అని రాశావు. సంఘానికి అది వరం గానీ, ఉద్యోగం వెతుక్కునేటప్పుడు అది నీకు బలం కాదు. బయట ఎవరైనా ‘నువ్వు ఏం చేస్తావు’ అని అడిగితే ఒక్క మాటలో చెప్పగలగాలి. చాలామంది పిల్లలు ఎడిటింగ్ అంటారు. నేను మాత్రం నిన్ను లైవ్ ప్రొడక్షన్ వైపు, అందులోనూ సౌండ్ వైపు వెళ్లమంటాను. ఫోన్లో యాప్‌లు వచ్చాక ఎడిటింగ్‌లో జనం ఎక్కువైపోయారు, రేట్లు పడిపోయాయి. లైవ్‌లో రెండో టేక్ ఉండదు. కరెంటు పోయినా, నెట్ ఆగినా, వాక్యం మధ్యలో మైకు బ్యాటరీ అయిపోయినా నిమిషంలో సర్దుకోవాలి. అలా కంగారు పడకుండా నిలబడే మనిషికి ఎప్పుడూ కొరతే. నువ్వు ప్రతి ఆదివారం చేస్తున్నది అదే. ఈవెంట్ కంపెనీలు, ఫంక్షన్ హాళ్లు, టీవీ ఛానెళ్ల పీసీఆర్ గదులు (ప్రసారాన్ని నడిపే ప్రొడక్షన్ కంట్రోల్ రూములు), ఆన్‌లైన్ క్లాసులు రికార్డు చేసే కోచింగ్ సంస్థలు, పెద్ద కంపెనీల కాన్ఫరెన్స్ హాళ్లు, ఇవన్నీ ఈ పని తెలిసినవాళ్ల కోసం చూస్తుంటాయి.

నేర్చుకోవడానికి మొదట్లో డబ్బు పెట్టకు. ఆడియోను నెట్‌వర్క్ కేబుల్ మీద పంపే డాంటే పద్ధతికి, దాన్ని తయారుచేసిన సంస్థే ఆన్‌లైన్‌లో ఉచితంగా కోర్సు, పరీక్ష, సర్టిఫికెట్ ఇస్తుంది. మొదటి రెండు లెవెళ్లు ఇంట్లో కూర్చునే పూర్తి చేయొచ్చు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్, దాని పాఠాలు తయారీ సంస్థ బ్లాక్‌మ్యాజిక్ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. నెట్‌వర్కింగ్‌లో ఐపీ అడ్రస్, స్విచ్, రౌటర్ వరకైనా గట్టిగా నేర్చుకో, ఇవాళ సౌండూ వీడియో రెండూ ఆ దారిలోనే నడుస్తున్నాయి. ఏడాది తర్వాత కూడా ఇదే ఇష్టమనిపిస్తే పుణెలోని ప్రభుత్వ సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐ నడిపే షార్ట్ కోర్సులు చూడు. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అని బోర్డు పెట్టే ప్రైవేటు సంస్థల్లో మాత్రం, గత ఏడాది అక్కడ చదివిన ఇద్దరు ముగ్గురితో నేరుగా మాట్లాడకుండా ఒక్క రూపాయి కట్టకు.

ఇక నీకు నోరు రాని విషయానికి వద్దాం. జీతం గురించి మాట్లాడటం అవిశ్వాసం కాదు, అగౌరవమూ కాదు. పనివాడు జీతానికి అర్హుడన్న మాట మీ అయ్యగారే ఎన్నోసార్లు వాక్యంలో చెప్పి ఉంటారు. ఎప్పుడు అడుగుతావన్నది ముఖ్యం. ఆరాధన అయిపోయి జనం చుట్టూ ఉన్నప్పుడు వద్దు. డిసెంబర్‌లో అసలు వద్దు, సెమీ క్రిస్మస్‌లు, పండుగ, 31 రాత్రి ఆరాధనతో ఆయనకూ ఊపిరి ఆడదు. మామూలు వారంలో, కోశాధికారి గారు కూడా ఉన్నప్పుడు టైమ్ అడుగు. ఒక నెలలో చేసిన పనంతా తేదీల ప్రకారం ఒక పేజీ మీద రాసి తీసుకెళ్లు. మాట ఇలా మొదలుపెట్టు: ‘అయ్యగారూ, ఈ పరిచర్య నాకు ఇష్టం. ఇందులోనే స్థిరపడాలని ఉంది. ఇంట్లో బాధ్యతలు కూడా ఉన్నాయి. నా పని, సమయం, జీతం ఒక కాగితం మీద రాసుకుంటే ఇంట్లోవాళ్లకూ ధైర్యంగా ఉంటుంది.’ ఇందులో నిష్ఠూరం లేదు, బెదిరింపు లేదు.

ఆ కాగితంలో నీ హోదా ఏమిటి, వారంలో సెలవు ఏ రోజు, రాత్రి సభలకు వెళితే అదనంగా ఏమిస్తారు, కెమెరా పాడైతే ఖర్చు ఎవరిది, ఖాళీ రోజుల్లో బయటి పనులు చేసుకోవచ్చా అన్నవి ఉండాలి. జీతం చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలో వేయమని అడుగు. రేపు లోన్‌కైనా, కొత్త ఉద్యోగానికైనా ఆ స్టేట్‌మెంటే సాక్ష్యం. పీఎఫ్ సాధారణంగా 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకే తప్పనిసరి, కాబట్టి మీ సంఘం అంత పెద్దది కాకపోతే దాని మీద ఆశ పెట్టుకోకు. జీతం పెంచే స్తోమత వాళ్లకు నిజంగా లేకపోతే, డబ్బు బదులు సమయం అడుగు. వారంలో మూడు రోజులు నీవి అయితే పెళ్లిళ్లు, కాలేజీ ఫంక్షన్లు ఒప్పుకోవచ్చు.

ఇంకో రెండు విషయాలు కూడా తేల్చుకో. చట్టప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన వీడియోల హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యాజమాన్యానిదే. కాబట్టి నీ షోరీల్‌లో (నీ పని నమూనాలు చూపే వీడియోలో) వాటిని వాడుకోవడానికి అనుమతి రాతలో తీసుకో. రెండోది, యూట్యూబ్ ఛానెల్ ఎవరి జీమెయిల్ మీద ఉంది? నీ సొంత దాని మీద ఉంటే వెంటనే మార్పించు. సంఘం పేరు మీద మెయిల్ తెరిచి దాన్ని ఓనర్‌గా పెట్టి, నువ్వు మేనేజర్‌గా ఉండు. మీడియా కుర్రాడు మానేసిన రోజున పాస్‌వర్డ్ దగ్గర గొడవై, అప్పటిదాకా బిడ్డలా చూసినవాళ్లు ముఖం చాటేసిన సందర్భాలు నాకు తెలుసు. ఆ పరిస్థితి నీకు రాకూడదు.

ఆరాధనకు వెళ్లి ఎన్నాళ్లో అయిందన్నావు. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా తాకిన మాట అది. నేను బోధకురాలిని కాను, వృత్తి వరకే చెప్పగలను. నీ స్థానంలో కూర్చోగల మనిషి ఇంకొకరు లేకపోవడమే దీనికి కారణం. యూత్‌లో ఇద్దరిని ఎంచుకో, ఒకరు అమ్మాయి అయితే ఇంకా మంచిది, పాటల స్లైడ్లతో మొదలుపెట్టించు. ఏ స్విచ్ ముందు వేయాలి, ఏ కేబుల్ ఎక్కడికి వెళుతుంది, నెట్ పోతే ఏం చేయాలి, ఒక కాగితం మీద రాసి టేబుల్‌కు అంటించు. మూడు నాలుగు నెలల్లో, నెలకు ఒక ఆదివారం నువ్వు ఇంట్లోవాళ్లతో కలిసి జనంలో కూర్చోగలగాలి. మొదట్లో లైవ్‌లో తప్పులు దొర్లుతాయి, దొర్లనీ. మనుషులను తయారుచేయడం నేర్చుకున్నవాడికి రేపు బయట కూడా ‘టీమ్ లీడ్’ అనే హోదా దక్కుతుంది.

మానేస్తే దేవుడి పని వదిలేసినట్టా అంటే, నేనలా అనుకోను. హైదరాబాద్ వెళ్లినా అక్కడా సంఘాలున్నాయి, వారమంతా ఈవెంట్ కంపెనీలో పనిచేసి ఆదివారం గుడిలో ఉచితంగా మిక్సర్ దగ్గర కూర్చునేవాళ్లు ఉన్నారు. అయితే ఇప్పుడు చేస్తున్నది చిన్న పనని కూడా అనుకోవద్దు. మీ జిల్లా నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎంతమంది! సెలవు దొరక్క, తల్లి భూస్థాపన ఫోన్లో చూసుకునే కూతురికి ఆ గంటసేపు లైవ్ ఆగకుండా ఉండటం ఎంత పెద్ద సంగతో ఆలోచించు. అలాంటి రోజు రెండో సిమ్, ఛార్జ్ చేసిన బ్యాటరీ సిద్ధంగా ఉంచుకునే బాధ్యత నీకు ఎవరూ నేర్పలేదు, నువ్వే అలవాటు చేసుకుని ఉంటావు. అదే బాధ్యతతో ఇంకొకటి కూడా పాటించు. ప్రార్థనలో ఏడుస్తున్న మనిషి ముఖాన్ని, రోగం గురించి సాక్ష్యం చెప్పినవాళ్లను, చిన్నపిల్లలను అడగకుండా రీల్‌లో పెట్టకు. వ్యూస్ వస్తాయని ఎవరైనా ఒత్తిడి చేసినా పెట్టకు.

అమ్మగారి భయం న్యాయమైనదే, ఆమెతో వాదించకు. లెక్క చూపించు. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ పెట్టే క్లర్కు పరీక్షకు జనరల్ అభ్యర్థులకు వయోపరిమితి 28, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్)కు 30. నీకు 23. ఏడాది ఈ పనికి ఇచ్చినా ఆ తలుపు మూసుకుపోదు. ‘ఫలానా నెలలోగా నా సంపాదన ఇంత కాకపోతే కోచింగ్‌లో చేరతాను’ అని ఆమెకు మాటివ్వు, ఎంత అనేది ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆ మాట మీద నిలబడు.

చివరిగా, ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. సభలు ముగించుకుని అర్ధరాత్రి బండి మీద తిరిగొచ్చే ఉద్యోగం నీది, సంఘం తరఫున బీమా ఉందో లేదో నువ్వు రాయలేదు. నీ ఖాతా ఉన్న బ్యాంకులోనే ఏడాదికి 20 రూపాయలకు ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 రూపాయలకు జీవన్ జ్యోతి బీమా ఇస్తారు. మొదటిది ప్రమాదానికి, రెండోది ఏ కారణంతో మరణించినా, ఒక్కొక్కటి 2 లక్షల వరకు. రెండింటికీ ఫారం నింపి, నామినీగా అమ్మగారి పేరు రాయి. హెల్మెట్ పెట్టుకోవడం మర్చిపోకు.