సిలువ ఉన్నంత మాత్రాన చర్చిది కాదు

ప్రశ్న: వన్‌టౌన్‌లో తెలిసిన వెండి కొట్టాయన కరిగించడానికి పక్కనపెట్టిన పాత సామాన్లలో నీలం రిబ్బన్‌తో సిలువ ఆకారం పతకం కనిపిస్తే తూకం లెక్కన కొన్నాను. ఒక పక్క 1914, ఇంకో పక్క 1918, మధ్యలో రెక్కల బొమ్మ గుడిలాంటిది పట్టుకుని ఉంది. వెనక ఒక పేరు, నంబరు. ఇంట్లోవాళ్లు చర్చిదంటున్నారు, ఫ్రెండేమో మిలటరీ మెడల్ అంటున్నాడు. ఫొటో చూసి లండన్ నుంచి ఒకాయన పోస్టులో పంపితే కొంటానంటున్నాడు. నల్లబడింది, పాలిష్ పెట్టించి పంపేయమంటారా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పాలిష్ జోలికి పోకండి, పోస్టాఫీసుకి అసలే పోకండి.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది ఫ్రీమేసన్లనే సోదర సంఘంవాళ్ల పతకం, హాల్ స్టోన్ జ్యువెల్ అంటారు. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన తమ సభ్యుల జ్ఞాపకంగా లండన్‌లో ఫ్రీమేసన్స్ హాల్ కట్టాలని (1927-33 మధ్య కట్టారు) చందాలు వసూలు చేసి, 10 గినీలు, అంటే పదిన్నర పౌండ్లు ఇచ్చినవాళ్లకి వెండిది, 100 గినీలిచ్చినవాళ్లకి బంగారుది ఇచ్చారు. ఆ గుడి బొమ్మ సంగతి అదీ. చందాదారులు వేలల్లో ఉన్నారు కాబట్టి అరుదైన సరుకేం కాదు, లక్షలొస్తాయని ఆశ పెట్టుకోకండి.

కానీ వెనక పేరుందన్నారు చూడండి, విలువంతా అక్కడే. నంబరు లాడ్జ్‌దైతే (వాళ్ల స్థానిక శాఖని లాడ్జ్ అంటారు), లేన్స్ మసోనిక్ రికార్డ్స్ అని లాడ్జ్‌ల జాబితా నెట్‌లో ఉచితంగా ఉంటుంది, అందులో కొట్టి చూడండి, 1894 దాకా పుట్టిన లాడ్జ్‌లు ఏ ఊళ్లో నడిచాయో చెబుతుంది. మన మద్రాసు వైపు పనిచేసిన ఏ రైల్వే ఆఫీసరుదో అని తేలితే దాని లెక్కే వేరు, సేకరించేవాళ్లు డబ్బిచ్చేది ఆ మనిషి వివరాలకే గానీ గ్రాములకి కాదు. అసలు లండన్‌లోనే దొరికే వస్తువు ఆయనకి మీ దగ్గరిదే ఎందుకు కావాల్సొచ్చిందో!

అందుకే విభూతి పెట్టి రుద్దడం, కంసాలి దగ్గర మెరుగు పెట్టించడం వద్దు, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. రిబ్బన్ చిరిగినా తీసేయకండి.

ఇక హాల్‌మార్క్ వెతకండి. నడుస్తున్న సింహం ఉంటే 925 వెండి, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించింది, పక్కనున్న ఒంటి ఇంగ్లీషు అక్షరం సంవత్సరం చెబుతుంది. మీ బేరం ఆ అక్షరం మీదే ఆధారపడుంది, ఎందుకంటే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన ఇలాంటి వస్తువుని మనలాంటివాళ్లు దేశం దాటించకూడదు.