పాతపాటల పెట్టె: ఏ తేదీని పట్టుకోవాలి?

(నెల్లూరు చిన్నబజారులో మా నాన్నకు రేడియో రిపేరు షాపు ఉండేది. ఆయన తర్వాత చాలాకాలం నేనే నడిపాను. పోయిన సంచికలో అమెరికా సినిమా, రేడియో, పాటల చరిత్రలో గుర్తుపెట్టుకోవాల్సిన తేదీలు కొన్ని ఇచ్చాను. వాటి మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈసారి చోటంతా వాటికే.)

అమ్మా, ‘కాసాబ్లాంకా’ సినిమాకు మీరు 1943 జనవరి 23 అని తేదీ ఇచ్చారు. నెట్‌లో చూస్తే 1942 నవంబరు 26 అని ఉంది. ఏది నమ్మాలి?
— ఓ డిగ్రీ విద్యార్థి, కావలి

నువ్వు చూసిన తేదీ కూడా నిజమే నాయనా. అది న్యూయార్కులో తొలి ప్రదర్శన. 1942 నవంబరు 8న అమెరికా, బ్రిటన్ సైన్యాలు ఉత్తర ఆఫ్రికాలో దిగేసరికి కాసాబ్లాంకా అనే ఊరి పేరు పేపర్లలో మోగిపోయింది. ఆ ఊపు తగ్గకముందే వార్నర్ బ్రదర్స్ వాళ్ళు న్యూయార్కులో హడావిడిగా బొమ్మ వేసేశారు. మిగతా దేశానికి సినిమా అందింది జనవరి 23న. సరిగ్గా ఆ రోజుల్లోనే రూజ్‌వెల్ట్, చర్చిల్ అదే ఊళ్ళో కూర్చుని యుద్ధం సంగతులు మాట్లాడుకుంటున్నారు. అంతటి పబ్లిసిటీ డబ్బు పెట్టినా రాదు. ఆస్కార్ వాళ్ళు కూడా దాన్ని 1943 సినిమాగానే లెక్కేసి, 1944 మార్చిలో ఉత్తమ చిత్రం బహుమతి ఇచ్చారు.

తేదీల విషయంలో నా పద్ధతి ఒకటే. ఒప్పందం మీద సంతకాలు పెట్టిన రోజు, షూటింగు మొదలైన రోజు నాకు అంత ముఖ్యం కాదు. మామూలు మనిషి తన ఊళ్ళో టికెట్టు కొనుక్కుని చూసిన రోజు, ఇంట్లో రేడియో తిప్పితే పాట వినబడిన రోజు ముఖ్యం. రిపేరుకొచ్చిన రేడియోల మధ్య పెరిగినదాన్ని. జనం చెవిన పడేదాకా పాట పుట్టినట్టు నేను ఒప్పుకోలేను.

మా తాతగారి పెట్టెలో బింగ్ క్రాస్బీ పాడిన ‘వైట్ క్రిస్మస్’ గ్రామఫోను రికార్డు దొరికింది. అది 1942లో పాడినదా, తర్వాత పాడినదా, ఎలా తెలుసుకోవాలి?
— ఓ టీచరమ్మ, కందుకూరు

తల్లీ, రికార్డు చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను గానీ, మీ చెవితో మీరే కనిపెట్టవచ్చు. క్రాస్బీ గొంతు ఎత్తకముందు వచ్చే వాద్యాలను జాగ్రత్తగా వినండి. ఫ్లూట్లు, వాటితో పాటు చిరుగంటల నాదం వచ్చే సెలెస్టా అనే వాద్యం వినిపిస్తే అది 1947 మార్చి 19న మళ్ళీ పాడిన పాట. అవి లేకపోతే 1942 మే 29న పాడినది. మీరు 1942ది అని తేల్చుకుంటే నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి, చాలా సంతోషిస్తాను.

రెండోసారి ఎందుకు పాడాల్సి వచ్చిందో చెబితే మీకు ఆ రికార్డు మీద ఇష్టం పెరుగుతుంది. అప్పట్లో రికార్డింగు నుంచి ఒక లోహపు మాతృక తీసేవాళ్ళు. దాని నుంచి అచ్చులు తీసి, వేడికి మెత్తబడ్డ లక్క ముద్దను రెండు అచ్చుల మధ్య పెట్టి ప్రెస్సు దింపితే అప్పడంలా రికార్డు తయారయ్యేది. అచ్చు అరిగిపోతే మాతృక నుంచి ఇంకొకటి తీసుకోవచ్చు. ‘వైట్ క్రిస్మస్’కు గిరాకీ ఎంత వచ్చిందంటే, అచ్చుల మీద అచ్చులు తీసి తీసి చివరికి మాతృకే దెబ్బతినిపోయింది. అందుకని అదే వాద్యబృందాన్ని, అదే కోరస్‌ను పిలిపించి, వీలైనంత పాతదానిలాగే మళ్ళీ పాడించారు. లోకం ఇవాళ ఎక్కువగా వినేది ఈ రెండోదాన్నే.

ఇక ఆ లక్క సంగతి. రికార్డు కంపెనీలు వాడే లక్క చాలామటుకు మన దేశం నుంచే అమెరికా వెళ్ళేది. యుద్ధంలో సముద్రం మీద ఓడలకు భద్రత లేదు, పైగా లక్క యుద్ధ సామగ్రికీ కావాలి. 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీల లక్క వాడకాన్ని 70 శాతం కోసేసింది. కంపెనీలు జనం దగ్గర పాత రికార్డులు వెనక్కి కొని, పొడి చేసి, కొత్తవాటిలో కలిపాయి. అది చాలదన్నట్టు ఆగస్టు 1 నుంచి వాద్యకారుల సంఘం రికార్డింగులకు సమ్మె కట్టింది. మే నెలలో పాడేశారు కాబట్టి ఈ పాట బతికి బయటపడింది.

నా పద్ధతి ప్రకారం మాత్రం ఈ పాట పుట్టినరోజు రికార్డుది కాదు. 1941 డిసెంబరు 25న క్రాస్బీ తన ఎన్‌బీసీ రేడియో కార్యక్రమంలో దీన్ని మొదటిసారి పాడారు. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడి అప్పటికి 18 రోజులు. ఇంట్లో పండగ చేసుకోవడాన్ని కలగనే పాట అది. పిల్లలు సైన్యంలోకి వెళ్ళబోతున్న ఇళ్ళలో ఆ పాట ఎలా వినబడి ఉంటుందో మీరే ఊహించండి. రాసిన అర్వింగ్ బెర్లిన్ చిన్నతనంలోనే రష్యా నుంచి వలస వచ్చిన యూదుడు. క్రిస్మస్ ఆయన పుట్టి పెరిగిన ఇంటి పండగ కూడా కాదు!

రేడియో నాటకం విని అంగారకుడి నుంచి దండు దిగిందని అమెరికా అంతా రోడ్ల మీదికి పరుగెత్తిందట. నిజమేనా?
— ఓ రిటైర్డ్ హెడ్మాస్టరు, ఒంగోలు

నాటకం నిజం మాస్టారూ. ‘అమెరికా అంతా’ అనేది నిజం కాదు. 1938 అక్టోబరు 30, ఆదివారం రాత్రి సీబీఎస్ రేడియోలో ఆర్సన్ వెల్స్ బృందం వేసిన నాటకం అది. ఆయనకప్పుడు 23 ఏళ్ళు. నాట్య సంగీతం వస్తూ వస్తూ ఉండగా మధ్యలో వార్త చదువుతున్నట్టు కట్టారు, న్యూజెర్సీలోని గ్రోవర్స్ మిల్ అనే నిజమైన ఊరి పేరు పెట్టారు. కొందరు భయపడి పోలీసులకు, పత్రికలకు ఫోన్లు చేసిన మాట వాస్తవం. కానీ ఆ వేళకు ఎక్కువమంది వింటున్నది ఎన్‌బీసీలో ఎడ్గార్ బెర్గెన్ కార్యక్రమాన్ని. ఆయన బొమ్మను మాట్లాడించే కళాకారుడు. పెదవులు కదపకుండా మాట్లాడే విద్యను రేడియోలో జనం విరగబడి వినేవారంటే, ఆయన మాటల్లో ఎంత పస ఉండాలి!

మర్నాడు పత్రికలు గోరంతను కొండంత చేశాయి. రేడియో వచ్చాక వాటి ప్రకటనల డబ్బు అటు పోతూ ఉంది, ఆ కడుపుమంట కూడా అందులో ఉందని పరిశోధించినవాళ్ళు అంటారు. నాకది సబబుగానే తోస్తుంది. ఇంకో సంగతి: ఆ నాటకం స్క్రిప్టు రాసిన హోవర్డ్ కాక్, పైన చెప్పిన ‘కాసాబ్లాంకా’ రచయితల్లో ఒకరు.

ఇన్ని తేదీల్లో మీ మనసుకు దగ్గరైనది ఏది? మన నెల్లూరుకు వీటిలో దేనితోనైనా సంబంధం ఉందా?
— ఓ గృహిణి, స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే అమ్మా: 1939 ఏప్రిల్ 9.

మేరియన్ ఆండర్సన్ గొప్ప గాయని. యూరప్ అంతా ఆమెకు జేజేలు కొట్టి పంపింది. వాషింగ్టన్‌లో ఆమె కచేరీకి కాన్‌స్టిట్యూషన్ హాలు అడిగితే, దాని యజమానులైన ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్’ సంఘం ఇవ్వలేదు. కారణం ఆమె నల్లజాతి మనిషి కావడమే. ఈ అన్యాయం భరించలేక అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ సంఘానికి రాజీనామా ఇచ్చేశారు. చివరికి ప్రభుత్వమే లింకన్ స్మారకం మెట్ల మీద కచేరీ ఏర్పాటు చేసింది. ఈస్టరు ఆదివారం, చలిగాలి, కోటు కప్పుకుని వరస మైకుల ముందు నిలబడ్డారామె. ఎదురుగా 75 వేల మంది. ఎన్‌బీసీ రేడియోలో వింటున్నవాళ్ళు ఇంకా లక్షల్లో. నాలుగు వేల సీట్ల హాలు కాదంటే దేశం మొత్తం వినింది. ఆ రికార్డింగు ఇవాళ ఎవరైనా వినవచ్చు. మొదటి పాటలో ఆమె గొంతు కాస్త బెదురుగా మొదలై, రెండు పంక్తులు దాటేసరికి నిలదొక్కుకుంటుంది. అక్కడ నేను ఎన్నిసార్లు విన్నా ఆగిపోతాను.

ఆ మొదటి పాట అమెరికా దేశభక్తి గీతం, ‘మై కంట్రీ టిజ్ ఆఫ్ దీ’. రాసినాయన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే బాప్టిస్టు పాస్టరు. నెల్లూరు సంబంధం ఇక్కడే ఉంది. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పెట్టారు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు కొద్దిమంది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో ఈ మిషన్ మూసేద్దామా అని చర్చ వచ్చింది. మిషన్లను నక్షత్రాలుగా చూపే పటంలో మన నెల్లూరు ఒక్కటే విడిగా ఉండడం చూసి ఎవరో ‘ఒంటరి నక్షత్రం’ అన్నారు. అదే స్మిత్ ఆ రాత్రి ‘లోన్ స్టార్’ అని ఒక పద్యం రాశారు. మర్నాడు చదివి వినిపిస్తే సభ మనసు మార్చుకుంది. లోన్ స్టార్ అనే మాట ఇప్పటికీ నెల్లూరు క్రైస్తవ కుటుంబాల్లో వినబడడానికి కారణం ఆ పద్యమే. మూతపడకుండా మిగిలిన ఆ మిషనే తర్వాత ఒంగోలు వైపు పాకింది. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్ళు. ఎవరికి తలుపు తీస్తారు, ఎవరిని గుమ్మం బయట నిలబెడతారు అన్నది మన జిల్లాల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అందుకే మేరియన్ ఆండర్సన్ కథ నాకు పరాయి దేశం కథ అనిపించదు.

1955 జనవరి 7న ఆమె న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరాలో పాడిన తొలి నల్లజాతి గాయని అయ్యారు. అప్పటికి ఆమె గొంతుకు మంచి వయసు దాటిపోయింది. ఆ ఆలస్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. 1957లో మన దేశానికీ వచ్చి వెళ్ళారు. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ అవే మెట్ల మీద నిలబడి, తన ప్రసంగంలో అదే స్మిత్ గీతాన్ని పలికారు. ఆ రోజు ఆండర్సన్ కూడా అక్కడ పాడారు.

ఏప్రిల్ 9నే పాల్ రోబ్సన్ జయంతి అని మా నాన్న చెప్పేవాడు. ఆయన గురించి కూడా రాయండక్కా.
— ఓ ఆర్టీసీ ఉద్యోగి, వింజమూరు

మీ నాన్నగారు చెప్పింది సరైన తేదీయే తమ్ముడూ. ఆయన పుట్టింది 1898 ఏప్రిల్ 9న. సినిమాలు, నాటకాలు, పాటలు అన్నిట్లో ఉన్నత శిఖరం చూసిన మనిషి. ఆయన రాజకీయాలు గిట్టక అమెరికా ప్రభుత్వం 1950లో పాస్‌పోర్టు లాగేసుకుంది. దేశం దాటనివ్వకపోతే గొంతు దాటింది. 1957 మే 26న ఆయన న్యూయార్కులో ఉండి పాడితే, అట్లాంటిక్ అడుగున వేసిన టెలిఫోన్ కేబుల్ గుండా పాట లండన్ హాలుకు చేరింది, లౌడ్‌స్పీకర్లలో జనం విన్నారు. అదే ఏడాది అక్టోబరులో వేల్స్ గని కార్మికులకూ అలాగే పాడారు. టెలిఫోన్ లైను మాటల కోసం కట్టినది, సంగీతంలోని పై స్వరాలు, అడుగు స్వరాలు అందులో నలిగిపోతాయి. అయినా ఆ మంద్రమైన గొంతు అందులోంచి నిలబడి వచ్చింది.

1958లో ఆయన షష్టిపూర్తిని మన దేశంలో నెహ్రూ మద్దతుతో జరిపారు. అమెరికాకు అది నచ్చలేదు. పాస్‌పోర్టు కూడా ఆ ఏడాదే తిరిగి చేతికొచ్చింది.

ఎల్విస్ ప్రెస్లీకి ఏ తేదీ?
— కోవూరు

1954 జులై 5న మెంఫిస్‌లో సన్ స్టూడియోలో ‘దట్స్ ఆల్ రైట్’ పాడారు. లోకం ఆ తేదీనే చెప్పుకుంటుంది. ఆ వారంలోనే డ్యూయీ ఫిలిప్స్ తన రేడియో కార్యక్రమంలో దాన్ని మళ్ళీ మళ్ళీ వేశాడు, స్టేషనుకు ఫోన్లు ఆగలేదు. నాకు ఆ రాత్రే ముఖ్యం.

‘కే సెరా సెరా’ పాట మన భానుమతి గారు పాడారని మా అమ్మ అంటుంది. అసలు ఎవరిది?
— ఒంగోలు దగ్గర పల్లె నుంచి ఓ పాఠకురాలు

అసలు పాడింది డోరిస్ డే, హిచ్‌కాక్ తీసిన ‘ది మ్యాన్ హూ న్యూ టూ మచ్’ సినిమాలో, 1956లో. ఆ ఏటి ఉత్తమ గీతం ఆస్కార్ దానికే వచ్చింది. ఆమె గొంతెత్తి పాడుతుంది, ఎత్తుకుపోయినవాళ్ళు మేడ మీద దాచిపెట్టిన కొడుక్కి అమ్మ వచ్చిందని తెలియాలని. ఆ సన్నివేశం తెలియకుండా వింటే జోలపాట అనుకుంటాం, తెలిసి వింటే ఒళ్ళు జలదరిస్తుంది. మీ అమ్మగారు చెప్పింది నిజం. భానుమతి గారు ‘తోడు నీడ’ (1965)లో దాన్ని పాడారు. దొడ్డవరంలో పుట్టిన మనిషి కాబట్టి మీకు ఊరి వరస కూడా. ఆమె గొంతులో డోరిస్ డే మెత్తదనం ఉండదు, ఆమెదైన ధీమా ఉంటుంది. నాకు రెండూ కావాలి.

78 రికార్డులను దేనితో శుభ్రం చేయాలి? కొత్తగా కొన్న ఎల్పీ ప్లేయర్‌లో వేయవచ్చా?
— సింగరాయకొండ

ముందు స్పీడు చూడండి. 78 అంటే ఆ పాత లక్క రికార్డు నిమిషానికి తిరిగే చుట్లు. ప్లేయర్‌లో 78 లేకపోతే ఆ మాట మరిచిపోండి. స్పీడు ఉన్నా ముల్లు మార్చాలి. 1948 జూన్ 21న కొలంబియా కంపెనీ ఎల్పీని లోకానికి చూపించినప్పుడు, ఒక్కో వైపు 20 నిమిషాలు దాటి పాట పట్టిందంటే గాడి బాగా సన్నబడడం వల్లే. 78 గాడి వెడల్పు. ఎల్పీ ముల్లు అందులో అడుగుకు పోయి దుమ్ములో పాకుతుంది, గరగర తప్ప పాట సరిగా రాదు. 78కి వేరే ముల్లు అమ్ముతారు, అడిగి తీసుకోండి.

శుభ్రానికి మెత్తటి గుడ్డ, చల్లటి నీళ్ళు, ఒక చుక్క తేలికపాటి సబ్బు చాలు. మధ్యలో కాగితం లేబులు తడవనివ్వకుండా, గాడి వెంబడి గుండ్రంగా తుడిచి వెంటనే ఆరబెట్టండి. ఎండలో పెట్టొద్దు. స్పిరిట్, శానిటైజర్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. ఎల్పీ తుడిచే ద్రవాల్లో కూడా స్పిరిట్ కలిసినవి ఉంటాయి, సీసా మీద చదివి చూసుకోండి. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది, దాంతోపాటు పాట కూడా.