ట్రైలర్‌కు కొత్త చెక్క పలకలు బిగించిన వెంటనే రంగు వేయవచ్చా?

వేయకూడదు; కుళ్ళకుండా రసాయనం ఎక్కించిన పలకలైతే అవి బాగా ఆరేదాకా ఆగి, ఆ తరువాత కూడా పైన పొరకట్టే రంగు కాకుండా లోపలికి ఇంకే నూనె పూత వేయడం మంచిది. ఆ రసాయనాన్ని నీటిలో కలిపి ఒత్తిడితో కలపలోకి పంపుతారు కనుక కొత్త పలకలు చాలావరకు తడిగానే మన చేతికి వస్తాయి, ఆ తడి మీద ఏ పూతా సరిగా పట్టదు. పలక మీద కాసిని నీళ్ళు చిలకరించండి: చుక్కలు అలాగే నిలిస్తే ఇంకా ఆరాలి, కొద్ది నిమిషాల్లో ఇంకిపోతే పూతకు సిద్ధమైనట్టే.

దట్టంగా రంగు వేస్తే చెక్క కుళ్ళదన్నది చాలామందికి ఉన్న అపోహ. కలపలో తేమ సుమారు 20 శాతం దాటి నిలిచి ఉంటే కుళ్ళబెట్టే శిలీంధ్రాలకు అనుకూలమవుతుంది. ఉదాహరణకు, బరువైన ఇనుప పెట్టెను ఈడ్చినప్పుడు పడిన గీత గుండా దిగిన వాన నీటిని రంగు పొర త్వరగా ఆరనివ్వదు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పలకల కోసిన కొనలకు కావాలి. నీరు పలక ముఖం కంటే అక్కడే వేగంగా ఎక్కుతుంది, పైగా కోతతో మందు అందని లోపలి కలప బయటపడుతుంది కనుక బిగించడానికి ముందే వాటికి కలప సంరక్షక ద్రావణం పూయాలి.