పాట తీసినా కథ తెగకుండా

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ ఎస్వీ సంగీత కళాశాలలో చదువుతోంది. ఇద్దరం రాత్రిళ్ళు ఫోన్‌లో అమెరికా గాయని, నటి లీనా హార్న్ పాత పాటలు చూస్తున్నాం. అంత అందం, అంత గొంతు! కానీ స్తంభానికి ఆనుకుని ఒక్క పాట పాడుతుంది, మళ్ళీ సినిమాలో కనిపించదు. ఎందుకని సార్?
- ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: సరిగ్గా పట్టుకున్నారమ్మా. మా నాన్న చిత్తూరులో ఒక టాకీసులో ఆపరేటరు. సెకండ్ షో ఆలస్యమైతే రీల్లోంచి ఒక పాట లేపేసేవారు. బ్లేడుతో ఫిల్మ్ అంచు గీకి, జిగురు రాసి, రెండు కొసలూ వేలితో నొక్కి పట్టేవారు. "కథతో ముడి లేని పాటైతే తీసినా జనానికి తెలీదురా" అనేవారు.

లీనా పాటల్ని హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం అలా తీసెయ్యడానికి వీలుగానే చిత్రీకరించింది. ఆమె నల్లజాతి అమ్మాయి. 1917లో బ్రూక్లిన్‌లో పుట్టింది, పదహారేళ్ళకే న్యూయార్క్ హార్లెమ్‌లోని కాటన్ క్లబ్ అనే నైట్‌క్లబ్‌లో కోరస్‌లో చేరింది. 1942లో ఎంజీఎంకి వచ్చింది. వాళ్ళ నాన్న స్వయంగా స్టూడియో అధిపతి లూయీ మేయర్ దగ్గరికెళ్ళి, "మా అమ్మాయికి పనిమనిషిని నేనే పెట్టగలను, తెరమీద తను ఆ వేషం కట్టాల్సిన ఖర్మ లేదు" అన్న అర్థంలో చెప్పొచ్చాడట. ఆ వేషాలు తప్పాయి గానీ, తెల్లవాళ్ళ కథలో చోటూ దొరకలేదు. నల్లవాళ్ళంటే చిన్నచూపున్న అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఆమె ఉన్న ముక్క కత్తిరించేవాళ్ళు. అందుకే పక్కన మనిషి లేకుండా, ఎవరితోనూ మాట లేకుండా ఒంటరిగా నిలబెట్టారు.

నాకు ఇప్పటికీ కడుపు మండేది 'షో బోట్' సంగతి. అది మొదట రంగస్థలం మీద ఆడిన సంగీత నాటకం. అందులో జూలీ తనలో నల్లజాతి రక్తం ఉందని దాచుకుని బతికే మనిషి. 1946లో మరో సినిమాలో ఆ జూలీ పాటని లీనా పాడి చూపించింది కూడా. తీరా 1951లో ఎంజీఎం 'షో బోట్'ని సినిమాగా తీసినప్పుడు ఆ పాత్ర తెల్లజాతి నటి ఆవా గార్డ్‌నర్‌కి ఇచ్చారు, తెరమీద పాటలకి ఇంకో గాయని గొంతు పెట్టారు. ప్లేబ్యాక్ మనకి కొత్త కాదమ్మా, కానీ నటించి పాడగల మనిషి ఎదురుగా ఉండగానా?

1981లో, అరవై దాటాక, న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో తన సొంత ప్రదర్శన మొదలుపెట్టి 333 సార్లు ఇచ్చింది. 2010లో పోయింది.

మీ అమ్మాయికి ముందు 1943 నాటి 'స్టార్మీ వెదర్' చూపించండి. నటులంతా నల్లజాతివాళ్ళే, లీనాయే నాయిక. బయట వాన, కిటికీ దగ్గర ఆమె, సినిమా పేరే ఉన్న పాట. దాన్ని మా నాన్న కూడా తియ్యలేరు.