నాలుగు పాత సీళ్లు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "మీ అన్నకూతురు చక్రాల మీద ఇల్లు కొన్నదట, పిల్లల్ని అందులో వేసుకుని ఎక్కడో భూమిలోంచి వేడినీళ్లు చిమ్మే చోటికి పోతుందట, నువ్వైనా చెప్పవయ్యా" అని. ట్రావెల్ ట్రెయిలర్ గురించి, ఎల్లోస్టోన్ గురించి అన్నమాట అని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "వెళ్లనీ వదినా, నేను లేనా" అన్నాను పైకి. ఫోన్ పెట్టాక నిద్ర పట్టలేదు. సెలవులకి ఊరొచ్చినప్పుడు స్కూటీ నేర్పమని నన్ను వెనక పరిగెత్తించిన పిల్ల, ఇవాళ ఇరవై ఆరు అడుగుల బండిని ట్రక్కు వెనక కట్టుకుని పద్నాలుగు వందల మైళ్లు పోతుంది. గర్వం లేకుండా ఎలా ఉంటుంది? కానీ నువ్వు పంపిన ఫోటోలో నాకు మంచాలు, స్టవ్వు, ముద్దుగా ఉన్న కర్టెన్లు ఏవీ కనిపించలేదు. నా కళ్లు ఎడమ వెనక చక్రం దగ్గరే ఆగిపోయాయి.

నువ్వు అడిగింది ఒక్కటే. చక్రం ఇరుసు మీద తేలిగ్గా తిరగడానికి లోపల ఉండే బేరింగులు విప్పి గ్రీజు పెట్టే పని డీలర్‌కి ఇవ్వాలా, వీడియోలు చూసి నువ్వే చేసుకోవాలా అని. అల్లుడుగారు డీలర్ అంటున్నారు, నువ్వు నేనే అంటున్నావు. ఇద్దరికీ కలిపి రాస్తున్నాను, చదివి వినిపించు.

టైర్ల తయారీ తేదీ చూడు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొట్టించు, లైట్లు చూసుకో, బ్రేక్ కంట్రోలర్ సరిచేసుకో, ట్రక్కుకీ ట్రెయిలర్‌కీ మధ్య గొలుసులు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా తగిలించు. ఇవన్నీ నీకు తెలిసినవే. బేరింగుల సంగతికి వస్తాను.

2011 జూన్. ఆ ఏడు టెక్సాస్‌లో వాన చుక్క లేదు, పచ్చగడ్డి అన్నది కంటికి కనబడలేదు. పాత ట్రెయిలర్ ఒకటి కొన్నాను. మీ పిన్నికి ఎల్లోస్టోన్‌లో వేడినీళ్లు చిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చూపిస్తానని పెళ్లయిన కొత్తలో చెప్పిన మాట పదిహేనేళ్లుగా బాకీ. బండిని ఒక డీలర్ దగ్గర పెట్టాను. మూడో రోజు బిల్లు ఇచ్చారు. అందులో ఒక వరుస: నాలుగు చక్రాల బేరింగులు, విప్పి గ్రీజు పెట్టడమైనది. డబ్బు కట్టాను, బిల్లు మడిచి గ్లవ్ బాక్స్‌లో పెట్టాను. చూడు, నేను నమ్మింది మనిషిని కాదు, ఆ కాయితాన్ని. కాయితం మీద ఉంది కాబట్టి చక్రంలో ఉందనుకున్నాను.

తెల్లవారుజామున బయల్దేరాం. ఫోర్ట్‌వర్త్ దాటి 287 హైవే ఎక్కాం. విచిటా ఫాల్స్‌లో పెట్రోలు పోయించాను. అక్కడ ఆగింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో కాఫీ తాగాను, అద్దం తుడిచాను, చక్రాల వైపు వెళ్లలేదు. చైల్డ్రెస్ దాటాక మీ పిన్ని ముక్కు ఎగబీల్చి "ఏదో మాడుతోందండీ" అంది. నేను స్టీరింగ్ మీద చెయ్యి తీయకుండా "ఇదంతా పత్తి పండే ఊళ్లు, జిన్నింగ్ మిల్లు వాసన" అన్నాను. జూన్ నెలలో జిన్నింగ్ మిల్లు ఎక్కడ ఆడుతుంది? పత్తి తీసేదే దసరా దాటాక. గుంటూరు జిల్లాలో పుట్టినవాణ్ని, ఆ మాత్రం తెలియక కాదు. ఆపడం ఇష్టం లేక అన్నాను. ఇంకో ఇరవై మైళ్లు నడిపాను.

చివరికి వెనక వస్తున్న పెద్ద ట్రక్కువాడు పక్కకి వచ్చి హారన్ కొడుతూ కిటికీలోంచి కిందికి చూపించాడు. ఆపి దిగాను. ఎడమ వెనక చక్రం పైభాగం లోపలికి వాలి ఉంది, మోకాలు విరిగిన ఎద్దు నిలబడినట్టు. మధ్యలోంచి పొగ. రిమ్ము మీద గ్రీజు పాకం ముదిరిన బెల్లంలా నల్లగా చారలు కట్టింది. తెలివి ఉన్నవాడు ఎవడూ చేయని పని చేశాను. హబ్బు మీద, అంటే చక్రం నడిమి భాగం మీద, వేళ్లు పెట్టాను. కుడిచేతి రెండు వేళ్ల మీద మచ్చలు చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి కదా, "బాబాయ్, ఇవి దోసె పెనం కాలినవా" అని. ఆ రోజువి.

ఎడమ పక్క అంటే ట్రాఫిక్ పక్క. లారీలు డెబ్బై ఐదు మైళ్ల వేగంతో పోతుంటే ట్రెయిలర్ ఊగేది. మీ పిన్ని గడ్డిలో గొడుగు పట్టుకుని నాలుగు గంటలు కూర్చుంది. ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ గుర్తు. ఆ చక్రం ఊడి ఎదురు వచ్చే ఏ కారు అద్దంలోకో పోయి ఉంటే? మన బండి సంగతి తర్వాత, ఆ కారులో పిల్లలు ఉండి ఉంటే? ఇప్పటికీ రెండు మూడు నెలలకోసారి ఆ కల వస్తుంది. కలలో చక్రం నాకంటే ముందు పరిగెడుతుంటుంది.

అమరిల్లోలో ఒక ముసలి మెకానిక్ నాలుగు చక్రాలూ విప్పి, బేరింగులు వరసగా న్యూస్‌పేపర్ మీద పెట్టాడు. మూడింటికి ఎర్రటి కొత్త గ్రీజు నిండుగా ఉంది. నాలుగోది ఇరుసుకే అతుక్కుపోయి, ఇరుసు నీలంగా మారిపోయింది. గ్రీజు బయటికి కారకుండా ఆపే దాని సీలు పాతదే, ఎప్పుడూ తీసింది కాదు. డీలర్ షాపులో కుర్రాణ్ని భోజనానికి పిలిచారో, ఇంకో బండి దగ్గరికి తోలారో నాకు తెలియదు. మూడు చేశాడు, నాలుగు అని రాశాడు. కొత్త ఇరుసు వచ్చేసరికి సెలవు అయిపోయింది. ఎల్లోస్టోన్ మరుసటి ఏడు చూశాం.

డీలర్లందరూ దొంగలని నేను అనను. ఎండాకాలం ముందు వాళ్లకి బండ్లు క్యూ కడతాయి, చాలా చోట్ల కుర్రాళ్లకి గంటను బట్టి కాక పనిని బట్టి జీతం. ఇంకో తిరకాసు ఉంది. ఇప్పటి ఇరుసులకి చివర రబ్బరు మూత కింద గ్రీజు ఎక్కించే చిన్న నిపుల్ ఉంటుంది. చక్రం వెనకుండే బ్రేకు డ్రమ్ము విప్పకుండా అందులో గ్రీజు గన్ పెట్టి నొక్కి "సర్వీస్ అయింది" అంటారు. చక్రం తిప్పుతూ, చేతి గన్‌తో మెల్లగా కొడితే తప్పేమీ లేదు. గాలి గన్‌తో బలంగా కొడితే గ్రీజు వెనక సీలు దాటి బ్రేక్ లైనర్ల మీద పడుతుంది. అప్పుడు బేరింగ్ బాగుంటుంది, బ్రేకు ఉండదు. రాటన్ కనుమ దిగేటప్పుడు ఆ సంగతి తెలిస్తే ఏం లాభం? పైగా విప్పకపోతే బేరింగ్ లోపలి రోలర్ల మీద గుంటలు పడ్డాయా, బ్రేకు అయస్కాంతం అరిగిందా అన్నది ఎవరికి కనిపిస్తుంది?

కాబట్టి డీలర్‌కే ఇస్తే ఒక్కటి అడుగు. నాలుగు పాత సీళ్లు కవర్లో వేసి ఇమ్మను. డ్రమ్ము తీసి గ్రీజు పెట్టినప్పుడు సీలు కొత్తది వేయాల్సిందే. పని చేసినవాడి దగ్గర పాతవి నాలుగు, జిడ్డోడుతూ ఉంటాయి. "పారేశాం మేడం" అంటే నవ్వి ఊరుకోకు. పని ఇచ్చే ముందే చెప్పు, చెత్తబుట్టలోంచి ఎవరూ వెతకక్కర్లేదు.

ఇక నువ్వే చేస్తానంటావా? చెయ్యి. ఈ మొదటిసారి మాత్రం నువ్వే చెయ్యాలని నా పట్టు. ఒకసారి చేత్తో చేసినదానికి తర్వాత ఎవరు ఏం చెప్పినా తెలిసిపోతుంది. ట్రెయిలర్‌ని ట్రక్కుకే తగిలించి ఉంచు, చక్రాలకి రెండు వైపులా అడ్డాలు పెట్టు, ఇరుసు కింద కాదు, ఫ్రేము కింద జాక్ పెట్టి స్టాండ్లు వెయ్యి. జాక్ మీద బండి ఉన్నంతసేపూ పిల్లలు ఇంట్లో ఉండాలి. బతిమాలి చెప్పడం లేదు, తాళం వెయ్యమంటున్నాను.

పాత గ్రీజు మొత్తం కిరోసిన్ లాంటి దాంతో కడిగెయ్యి, కొత్త పాత కలపకు. అన్ని గ్రీజులూ ఒకదానితో ఒకటి పడవు. ఆరబెట్టడానికి గాలిగొట్టంతో బేరింగ్‌ని గిరగిరా తిప్పకు, సరదాగా ఉంటుంది, రోలర్ ఎగిరితే కన్ను పోతుంది. ఆరాక గారె పిండి తీసుకున్నంత గ్రీజు ఎడమ అరచేతిలో పెట్టుకుని, బేరింగ్ వెడల్పు అంచుని దానికేసి కొడుతూ లాగు. పైనుంచి రోలర్ల సందుల్లో గ్రీజు జంతికల్లా సన్నగా లేవాలి. చుట్టూ అలా లేచేదాకా ఆపకు. పైన పూసి నిండిందనుకోవద్దు. సీళ్లూ బేరింగులూ ముందే ఆన్‌లైన్‌లో కొనకు. 3,500 పౌండ్ల ఇరుసుకి ఎల్ 44649, ఎల్ 68149 అన్న నంబర్ల బేరింగులు మామూలే కానీ, నీ బండిలో ఏముందో విప్పి, దాని మీద అంకె చదివి కొను.

ఇరుసు చివర డ్రమ్ముని పట్టి ఉంచే నట్టు దగ్గర ఆడవాళ్లకంటే మగవాళ్లు తప్పు చేస్తారు. బలం చూపిస్తారు. డెక్స్టర్ ఇరుసుల మాన్యువల్‌లో చెప్పినట్టు, డ్రమ్ము తిప్పుతూ 50 ఫుట్-పౌండ్ల దాకా బిగించి, డ్రమ్ము కదపకుండా వదులు చేసి, మళ్లీ వేళ్లతో మాత్రమే బిగించి, నట్టు తిరగకుండా ఆపే కాటర్ పిన్ను వెయ్యి. చక్రం ఊడుతుందన్న భయంతో నేను 2012లో గట్టిగా బిగించాను. అదృష్టం, వీధి చివరికి పోయి వచ్చి చూస్తే హబ్బు అప్పటికే వేడెక్కింది.

మా తాతగారి ఎడ్లబండికి ఇరుసు పక్కన వెదురు గొట్టం ఒకటి వేలాడేది, నువ్వు చూసి ఉండవు. గడ్డి మసి ఆముదంలో కలిపిన కందెన అందులో ఉండేది. సంతకి పోతూ మధ్యలో చీల ఊడదీసి, చక్రం కాస్త పక్కకి లాగి, పుల్లతో కందెన రాసేవాడు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అనేవాడు. ఎడ్లబండి మంచిది, ముందే అరుస్తుంది. ఈ బేరింగ్ లోపల చచ్చిపోతున్నా లోపలే ఉంటుంది, ట్రక్కులో ఏసీ, పాటలు, పిల్లల గొడవ, నీకు వినబడదు. అందుకే మొదటి పాతిక మైళ్లకి ఆగు, తర్వాత పెట్రోలు పోయించినప్పుడల్లా ఆగు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొను, నాలుగు హబ్బులూ చూడు. అంకె ఎంత అని కంగారు పడకు, నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఎండ పక్కవి, అప్పుడే బ్రేక్ వేసినవి కాస్త వేడిగానే ఉంటాయి. ఒక్కటి మాత్రం మిగతావాటిని దాటిపోతే అక్కడే ఆగిపో. చెయ్యి పెట్టకు. వీల్ నట్లు కూడా 10, 25, 50 మైళ్లకి, బిగువు ఎంతో చూపించే టార్క్ రెంచ్‌తో చూసుకో.

ఈ బేరింగుల పని ఏడాదికోసారి, లేదా 12,000 మైళ్లకోసారి, ఏది ముందొస్తే అది. ఎక్కడికీ పోకపోయినా చెయ్యాలి, నిలబడ్డ బండికి చెమ్మ పడుతుంది. నేను 2021 దాకా నేనే చేసుకున్నాను. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇంటికొచ్చి చేసే మెకానిక్‌ని పిలిచాను. అతను చేస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ని. మొదటి ఏడు అతనికి చిరాకు. రెండో ఏడు నాకు కుర్చీ అతనే తెచ్చి వేశాడు.

మీ పిన్ని నా భుజం మీద నుంచి చదువుతోంది. ఆ రోజు తను మాట్లాడలేదని రాశాను కదా, "మాట్లాడాను, లారీల చప్పుడులో మీకు వినబడలేదు" అంటోంది. ఏమన్నదో అడిగితే చెప్పడం లేదు.

వచ్చే శనివారం ఉదయం ఏడింటికల్లా మీ ఇంటి ముందు ఉంటాం. సీల్ లాగే కొక్కెం, టార్క్ రెంచ్ నేను తెస్తాను. విప్పేది నువ్వు, నేను కుర్చీలో కూర్చుంటాను. ఎడమ వెనక చక్రంతో మొదలుపెడదాం. పాత చీర ముక్కలు ఈసారి ఇవ్వనంటోంది పిన్ని, షాప్ టవళ్లు ఒక కట్ట కొనిపెట్టు.

మీ బాబాయ్