బార్ వదిలినా కైట్ లాగేస్తుంటే

మైపాడు బీచ్‌లో కైట్ సర్ఫింగ్ (గాలికి ఎగిరే పెద్ద కైట్ లాగుతుంటే పలక మీద నీళ్లలో జారే ఆట) చేసేటప్పుడు, కైట్‌ను నడిపే కడ్డీ అయిన బార్ వదిలేసినా కైట్ ఇసుకలో ఈడ్చుకుపోయిందని రాశారు. విల్లులా వంగి ఉండే కొత్త బో కైట్లకు బార్ వదలగానే ఊపు చాలావరకు తగ్గుతుంది కానీ, తాడు చిక్కుపడితే గిరికీలు కొడుతూ ఇంకా గట్టిగా లాగుతాయండీ. అప్పుడు నడుము కొక్కెం దగ్గరున్న క్విక్ రిలీజ్‌ను (బార్‌ను కొక్కెం నుంచి చటుక్కున విడిపించే మీటను) ముందుకు నెట్టేయాలి. లాగుడంతా లీష్ (కైట్ పూర్తిగా పోకుండా మనకు కట్టి ఉంచే రక్షణ తాడు) తగిలించిన ఒక్క తాడు మీదికి పోయి, కైట్ జెండాలా వాలిపోతుంది.

మన ఇసుకతో జాగ్రత్త. నా క్విక్ రిలీజ్ ఒకసారి నాలుగు రేణువులు ఇరుక్కుని కదలనే లేదు! అప్పటినుంచి ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, ఐదారుసార్లు నెట్టి చూస్తాను.

అన్నట్టు, ఎండాకాలం పొద్దున పడమటి గాలికి దిగకండి. అది నేరుగా సముద్రంలోకే తోస్తుంది. మధ్యాహ్నం గాలి తూర్పుకు తిరిగేదాకా ఒడ్డున టీ తాగుతూ కూర్చోండి.